మనసు అడుగునది ఏమి?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



25 సంవత్సరములుగా ఈ గ్రంథాలయము గుర్రంకొండ కోట నీడలో దీపము వెలిగించుచున్నది. కోటను కట్టినవారు పోయిరి, ఏలినవారు పోయిరి. రంగినీ మహలు గోడలు మిగిలినవి. ఈ గదిలోని దీపము మాత్రము సాయంకాలము కాగానే నేటికిని వెలుగుచున్నది. దీనిని నిలిపిన పెద్దలకు మనమందరము ఋణపడియున్నాము.

గ్రంథపఠనమును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. ఆ విషయమును నాకంటె బాగుగా చెప్పగలవారు ఈ వేదికమీదనే ఉన్నారు. అందుచేత వేరొక చిన్న విషయము చెప్పుటకు అనుజ్ఞ కోరితిని. కడుపునకు ఆకలి వేసినప్పుడు మనకు తెలియును. మనసునకు ఆకలి వేసినప్పుడు తెలియునా? తెలిసినచో దానికి కావలసినదేమో ఎట్లు గుర్తింపవలయును? ఇదియే నేటి నా ప్రసంగ విషయము.

మొదట నా సంగతియే చెప్పెదను. పరుల తప్పులతో ప్రారంభించు ఉపన్యాసము వినుటకు సొంపుగా నుండును గాని దానివలన ఎవరును బాగుపడరు.

నేను పల్లెబడులలో ఉపాధ్యాయుడనుగా పనిచేసి విశ్రాంతి తీసికొన్నవాడను. నాలుగు సంవత్సరముల క్రిందట నా భార్య కాలధర్మము చెందెను. అటుపిమ్మట నేను మారిపోతినని మా యింటివారు అనుకొనిరి. ఇల్లే మారినదని నేననుకొంటిని. కాఫీ చల్లారినదని కోడలిమీద విసుగు. మనుమడు చెప్పులు వాకిట అడ్డముగా విడిచినాడని కోపము. అయిదు గంటలకు పత్రిక చేతికి రాకున్న ఈ గ్రంథాలయమున పనిచేయు కుఱ్ఱవానిమీద చిరచిర. ఒకనాడు మా కోడలు తలుపు చాటున నిలిచి, "కాఫీ మళ్ళా వేడి చేసి తెస్తాను గాని మామా, మీ కోపం కాఫీ మీద కాదు" అన్నది. ఆ మాటకు నాకు మరింత కోపము వచ్చెను. సత్యము తగిలినచోట మంట ఎక్కువ.

ఆ సాయంకాలము అలవాటు చొప్పున ఇక్కడకు వచ్చితిని. పత్రిక బల్లమీద సిద్ధముగా నున్నది. దానిని విప్పకుండ అరగంట కూర్చుంటిని. ప్రక్కన ఇద్దరు రైతులు మదనపల్లె మండీలో టమోటా ధరలను గూర్చి మాటలాడుకొనుచుండిరి. నాకు పొలము లేదు, టమోటా తోట లేదు. అయినను వినుచు కూర్చుంటిని. నేను ఇన్నినాళ్ళు పత్రిక కొఱకు వచ్చుట లేదనియు, ఆ మాటల చప్పుడు కొఱకే వచ్చుచున్నాననియు అప్పుడు తోచెను. ప్రతి సాయంకాలము ఒక మనిషి గొంతు వినుటకు అలవాటుపడిన చెవులకు ఆ గొంతు లేకపోయెను. కాఫీలో లోపము లేదు. కాఫీ త్రాగునప్పుడు ఎదుట కూర్చుండెడి మనిషి లేదు. నాకు కావలసినది తోడు. నేను అడుగుచున్నది వేడి కాఫీ. అడిగినది ఎంత ఇచ్చినను తీరకుండుటకు కారణము ఇదియే.

సోదరులారా, కడుపు నిజము పలుకును. ఆకలి వేసినప్పుడు అన్నమని అడుగును. దప్పి వేసినప్పుడు నీళ్ళని అడుగును. మనసు అట్లు పలుకదు. అది వేషము కట్టి వచ్చును. మన ప్రాంతమున ద్రౌపదమ్మ గుడి ముంగిట భారతము ఆడునప్పుడు గద పట్టుకొని గర్జించు దుర్యోధనుని చూచి పసిపిల్లలు జడిసికొందురు. ఆ రంగు లోపల నున్నవాడు తెలిసిన మనిషియే యని పెద్దలకు తెలియును. మనసు విషయములో మనమందరము పసిపిల్లలమే. కోపమను వేషమును చూచి భయపడుదుము, లేదా తిరిగి కోపపడుదుము. ఆ వేషము లోపల నున్నది భయమా, ఒంటరితనమా, అవమానమా అని తెరయెత్తి చూడము.

"అన్నము పెట్టితిమి, బట్టలు కొనిచ్చితిమి, చదివించితిమి. ఇంకను వానికేమి తక్కువ?" అని మనము తరచుగా అందుము. ఈ ప్రశ్నకు ఒక శాస్త్రజ్ఞుడు జవాబు వెదకెను. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున హారీ హార్లో అను ఆచార్యుడు తల్లుల నుండి వేరుచేసిన కోతిపిల్లలతో చేసిన పరీక్షలను 1958లో ప్రకటించెను. ఆ పిల్లలకు రెండు తల్లిబొమ్మలను అమర్చిరి. ఒకటి ఇనుప తీగెలతో చేసినది. రెండవది మెత్తని గుడ్డ చుట్టినది. తీగెబొమ్మయందే పాలసీసా ఉన్నను పిల్లలు పాలు త్రాగునంతసేపు మాత్రమే దానియొద్ద నుండి, మిగిలిన ప్రొద్దంతయు గుడ్డబొమ్మను కరచుకొనియే గడపెను. భయము కలిగినప్పుడును గుడ్డబొమ్మ చెంతకే పరుగెత్తెను. ఆ మూగజీవులకు కలిగిన బాధను తలచుకొన్నచో నేడు మనకు మనసొప్పదు. కాని అవి చూపిన సత్యమును మరువరాదు. పాలు వేరు, ఒడి వేరు. పాలిచ్చితిమి గదా యని ఒడి నియ్యకున్నచో ప్రాణి నిలువదు.

హార్లోకంటె ముందుగా, 1943లో అబ్రహాం మాస్లో అను మనస్తత్త్వవేత్త మానవుని అవసరములను వరుసపెట్టి చెప్పెను. అన్నపానాదులు, భద్రత, ఆపేక్ష, గౌరవము, తనలోని శక్తి వికసించుట అనునవి ఆ వరుస. మెట్టు తరువాత మెట్టుగానే ఇవి వచ్చునా యని తరువాతి పండితులు తర్కించిరి. పేదయింట అన్నము చాలకున్నను ఆపేక్ష నిండుగా నుండుటను మనము ఎరుగుదుము. వరుస ఎట్లున్నను, అన్నము తరువాత జాబితా ముగియలేదన్నది సత్యము.

అయితే మనసునకు కావలసినదానిని గుర్తించుట ఎట్లు? మొదటి మెట్టు, కలిగిన భావమునకు సరియైన పేరు పెట్టుట. ఈ పనికి మన భాషయందు లోటు లేదు. మన పెద్దలు మనసును ఎంత సన్ననికంటితో చూచిరో మన మాటలే చెప్పును. బెంగ యనగా దగ్గరివారు దూరమైనప్పటి బాధ. దానికి కావలసినది సన్నిధి. దిగులు రేపటిని గూర్చినది. దానికి కావలసినది ధైర్యము, ఆసరా. అలుక పరాయివారిమీద రాదు, మనవారనుకొన్నవారిమీదనే వచ్చును. దానికి కావలసినది బుజ్జగింపు. ఉక్రోషము అవమానము పొందియు ఏమియు చేయలేనివాని కోపము. దానికి కావలసినది మర్యాద. వెలితి యుండవలసినది లేకపోవుట. ఇన్ని మాటలుండగా మనము నేడు రెండింటితోనే సరిపెట్టుకొనుచున్నాము. ఒకటి కోపము, రెండవది బాధ. వైద్యుడు అన్ని రోగములకును జ్వరమనియే పేరు పెట్టినచో మందు కుదురునా?

భరతముని నాట్యశాస్త్రమున 8 స్థాయిభావములను, వాటి చుట్టు వచ్చిపోవు 33 వ్యభిచారిభావములను చెప్పెను. గ్లాని, శంక, అసూయ, దైన్యము, చింత మున్నగునవి వానిలోనివి. నటునికే ఇంత జ్ఞానము అవసరమైనప్పుడు, నిజముగా బ్రదుకువారికి ఎంత అవసరమో ఆలోచింపుడు. నేటి శాస్త్రమును ఈ మాటకు సాక్ష్యమిచ్చుచున్నది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజెలెస్ శాఖలో మాథ్యూ లీబర్మనును, ఆయన సహచరులును చేసిన ఒక పరిశోధన 2007లో వెలువడెను. భయము, కోపము మున్నగునవి కనబడు ముఖచిత్రములను చూపి, ఆ భావమునకు మాటతో పేరు పెట్టుమన్నప్పుడు, మెదడులో ఉద్వేగమునకు ముఖ్యస్థానమైన అమిగ్డలా యను భాగముయొక్క చురుకుదనము తగ్గినదని వారు కనుగొనిరి. పేరు పెట్టుటయే సగము శాంతి యన్నమాట.

రెండవ మెట్టు, అడుగుచున్న వస్తువు వెనుక నున్న అవసరమును కనుగొనుట. నంది తిమ్మన పారిజాతాపహరణ కథ మనలో అనేకులకు తెలిసినదే. నారదుడు తెచ్చిన ఒక పారిజాత పుష్పమును శ్రీకృష్ణుడు రుక్మిణి కిచ్చెను. ఆ వార్త వినిన సత్యభామ అలిగెను. ఆమెకు నిజముగా కావలసినది పువ్వేనా? సత్రాజిత్తు కూతురికి పూలకు కొదవయా? తన స్థానము చెక్కుచెదరలేదని తెలిసికొనుట ఆమెకు కావలయును. ఆ యొక్క మాట అడుగుటకు అభిమానము అడ్డు వచ్చెను. అందుచేత స్వర్గముతో యుద్ధము చేసి చెట్టునే పెకలించి తేవలసివచ్చెను. మన యిండ్లలోను పెండ్లిపందిటిలో పలకరింపు తక్కువైనదని మొదలైన తగవు పొలము గట్టుదాక పోయి, కోర్టుదాక పోవుట చూచుచున్నాము. పువ్వుతో తీరవలసినది చెట్టుదాక పోవుట యనగా ఇదియే.

ఇప్పుడొక ప్రశ్న పుట్టును. మన మనసునకు కావలసినదేమో మనమే చెప్పవలయునా, లోకము చెప్పినదానితో సరిపెట్టుకొనవలయునా? దీనికి జవాబు వెదకుటకు దూరము పోనక్కరలేదు. మన మండలములోని తరిగొండకు పోయినచో చాలును.

తరిగొండ వెంగమాంబ 1730లో జన్మించి 1817లో పరమపదించెనని పండితులు చెప్పుదురు. తండ్రి కృష్ణార్యుడు, తల్లి మంగమాంబ. బాల్యముననే వివాహము జరిగెను. కొలదికాలమునకే భర్త మరణించెను. ఆ కాలమున బాలవితంతువునకు ఏమి కావలయునో నిర్ణయించుటలో లోకమునకు సందేహము లేదు. తల గొరిగించుకొని, మూల గదిలో కూర్చుండి, ఒకపూట తిని, ఎవరి కంటను పడకుండుట ఆమెకు చాలునని లోకమనుకొన్నది. వెంగమాంబ చాలదన్నది. వైధవ్య చిహ్నములను ధరింప నిరాకరించెను. తనకు భగవంతుడు కావలయును, విద్య కావలయును, పాట కావలయును. మదనపల్లెకు చెందిన రూపావతారము సుబ్రహ్మణ్యశాస్త్రిగారిని ఆశ్రయించి ఉపదేశము పొందెను. తరిగొండ నృసింహస్వామి ఆలయమున ఆంజనేయుని విగ్రహము వెనుక కూర్చుండి ధ్యానము చేసెడిదనియు, అర్చకుడు కోపించి ఆమెను వెలికి లాగెననియు జనశ్రుతి. ఒక స్త్రీ తన మనసునకు చోటు వెదకికొని విగ్రహము వెనుకకు పోవలసివచ్చినదనగా, ఊరిలో ఆ మనసునకు ఎంత చోటున్నదో మనము ఊహించుకొనవచ్చును.

పిమ్మట ఆమె తిరుమల చేరెను. బడి చదువు లేని ఆ తల్లి తరిగొండ నృసింహ శతకము మొదలుకొని శివనాటకము, చెంచునాటకము, రాజయోగసారము, ద్విపద భాగవతము, వాశిష్ఠ రామాయణము, వేంకటాచల మాహాత్మ్యము మున్నగు గ్రంథములను రచించెను. తిరుమలలో నృసింహ జయంతి సందర్భమున అన్నదానము జరిపించెను. నేటికిని స్వామివారి ఏకాంతసేవవేళ ఆమె పేర ముత్యాల హారతి ఇచ్చుచున్నారు. 2011లో తిరుమలలో ప్రారంభమైన అన్నప్రసాద భవనమునకు ఆమె పేరే పెట్టిరి. మనలో ఎందరో అక్కడ విస్తరి ముందు కూర్చున్నవారమే.

ఈ చరిత్రనుండి భక్తులు భక్తిని గ్రహింతురు. నేను మరియొక విషయమును గ్రహించుచున్నాను. ఆమె చేసిన పనులే ఆమె మనసునకు సాక్ష్యము. తనకు కావలసినదానిని లోకము ఒప్పుకొనలేదని ఆమె దానిని చంపుకొనలేదు. ఊరిని తిట్టుచు కూర్చుండలేదు. గురువును వెదకెను, చోటు వెదకెను, పని వెదకెను. తన ఆకలి నెరిగిన మనిషి తుదకు పరుల ఆకలి తీర్చెను. తన అవసరమును తెలిసికొనుట స్వార్థమని భయపడువారికి ఈ జీవితమే సమాధానము.

మన ప్రాంతమువారే అయిన మరియొకరిని తలచుకొందము. జిడ్డు కృష్ణమూర్తిగారు 1895లో మదనపల్లెలో జన్మించిరి. 1905లో, పదేండ్ల ప్రాయమున, తల్లిని కోల్పోయిరి. తరువాత దివ్యజ్ఞాన సమాజమువారు ఆయనను జగద్గురువుగా పెంచదలచిరి. తోడునీడగా నున్న తమ్ముడు నిత్యానందుడు 1925లో క్షయవ్యాధితో మరణించెను. అతడు బ్రదుకునని ఎందరో పెద్దలు భరోసా ఇచ్చియుండిరి. అప్పుడు కృష్ణమూర్తిగారు ఓడలో భారతదేశమునకు వచ్చుచుండిరి. ఆ దుఃఖము ఆయనను కదల్చివేసెను. 1929లో తన కొఱకు స్థాపింపబడిన నక్షత్ర సంఘమును తానే రద్దుచేసిరి. 1986లో మరణించువరకు దేశదేశముల తిరిగి ఆయన చెప్పిన విషయములలో ఒకటి మనకు అవసరము. దుఃఖము వచ్చినప్పుడు పారిపోవలదు, దానిని తిట్టవలదు, పొగడవలదు; అది ఎట్లున్నదో అట్లే చూడవలెనని ఆయన బోధ. పేరు వేరు, వస్తువు వేరు అనియు ఆయన హెచ్చరించెడివారు. కావున నేను ముందు చెప్పినదానికి ఒక సవరణ చేయవలసియున్నది. "ఇది బెంగ" యని పేరు పెట్టి, చీటీ అంటించి, పుస్తకమును బీరువాలో పెట్టినట్లు పెట్టరాదు. పేరు తలుపు మాత్రమే. తలుపు తెరచి లోపలకు పోయి చూడవలయును.

ఇక మూడవ మెట్టు. మనసు కోరినదంతయు అవసరము కాదు. అవసరము వేరు, ఆశ వేరు. అవసరమునకు తీరుటయున్నది, ఆశకు తీరుట లేదు. అలసిన మనిషికి విశ్రాంతి అవసరము. సారాయి అవసరము కాదు. అది అలసటను మరపించును గాని తీర్చదు. అందుచేతనే నిన్నటి సీసా నేడు చాలదు. గౌరవము అవసరము, అప్పు చేసి ఆరు ఊళ్ళకు భోజనము పెట్టుట అవసరము కాదు. నేను ఒక చిన్న పరీక్ష పెట్టుకొంటిని. కోరినది లభించిన మరునాడు మనసు నెమ్మదించెనా? నెమ్మదించినచో అది అవసరము. మరునాడే ఇంకొకటి అడిగెనా? అయినచో నేను తప్పు తలుపు తట్టితిని.

నాల్గవ మెట్టు అన్నిటికంటె కష్టమైనది. తెలిసికొన్నదానిని నోరు తెరచి చెప్పుట. మన ప్రాంతమునుండి ఎందరో యువకులు కువైటుకు పోయి కష్టపడుచున్నారు. వారము వారము ఫోను వచ్చును. "నాయనా, డబ్బు ముట్టిందా?" అని కొడుకు. "ముట్టింది రా, ఎరువులకు సరిపోయింది" అని తండ్రి. అంతటితో ఫోను పెట్టివేయుదురు. కొడుకు చెప్పదలచినది, "నాయనా, ఇక్కడ నాకు బెంగగా ఉంది" అని. తండ్రి చెప్పదలచినది, "నిన్ను చూడాలని ఉంది రా" అని. ఇద్దరును మగవారమనుకొని మాటను మ్రింగివేయుదురు. మ్రింగిన మాట జీర్ణము కాదు. టమోటా ధర పడిపోయి, పంటను దారిలో పారబోసి వచ్చిన రైతు ఇంట పిల్లవానిని కొట్టును. ఆ దెబ్బకు అర్థము, "నాకు భయముగా నున్నది" యని. పిల్లవానికి ఆ యర్థము ఎట్లు తెలియును? పరీక్షలో మార్కులు తగ్గిన ఆడపిల్ల కడుపునొప్పియని పడుకొనును. అది అబద్ధము కాదు. దిగులు కడుపులోనే కాపురముండును.

నన్ను నిద్రపోనియ్యని విషయమొకటి ఇక్కడ చెప్పి తీరవలయును. నా భార్య అనేక సంవత్సరములు ఒకటే మాట అనెడిది. "ఏమండీ, అరుగు మీద దీపం సరిగా వెలగడం లేదు, కాస్త చూడండి" అని. నేను పోయి చూచెడివాడను. దీపము వెలుగుచునే యుండెడిది. బల్బు మార్చితిని, తీగె మార్చితిని. మరల అదే మాట. ఆమెకు చాదస్తమని విసుగుకొంటిని. ఆమె పోయిన తరువాత, ఒక సాయంకాలము ఒంటరిగా ఆ అరుగుమీద కూర్చున్నప్పుడు, దీపము చక్కగా వెలుగుచుండగా, నాకు అర్థమైనది. నేను పుస్తకములోనుండి లేచి అరుగుమీదికి రావలయునని ఆమె కోరిక. వచ్చి కూర్చుండుడు అని అడుగుటకు ఆమెకు మొగమాటము. దీపమును చూచి లోపలకు పోవుటకు నాకు తొందర. చదువుకొన్నవాడనని పేరు పొందితిని. ఇంటిలోని ఒక వాక్యమును చదువలేకపోతిని.

ఇందులో ఆమె తప్పు ఉన్నదా, నా తప్పు ఉన్నదా యని తూకము వేయుట ఇప్పుడు వ్యర్థము. నేను నేర్చుకొన్నది ఇది. తన మనసును చదువ నేర్వనివాడు పరుల మనసును చదువలేడు. నాకు తోడు అవసరమని ఆ నాడే నాకు తెలిసియున్నచో, ఆమెకును అదియే అవసరమని తెలిసియుండెడిది. ఇద్దరి అవసరము ఒక్కటే; నడుమ వెలుగుచున్న దీపమును ఇద్దరము బాగుచేయుచు కూర్చుంటిమి.

ఇంటికి పోయి మా కోడలితో చెప్పితిని, "అమ్మా, నీ మాట నిజము. నాకు ఒంటరిగా ఉన్నది" అని. ఆ మాట నోటినుండి వచ్చుటకు నాకు మూడు దినములు పట్టెను. ఆమె ఏమియు ఉపన్యాసమియ్యలేదు. మరునాటినుండి చిక్కుడుకాయల చేట తెచ్చుకొని నేను కాఫీ త్రాగునప్పుడు ఎదుట కూర్చుండుచున్నది. నేనును నాలుగు కాయలు ఒలుచుచున్నాను. కాఫీ ఒక్కొక్కనాడు చల్లారుచునే యున్నది.

అయితే అడిగినదెల్ల దొరకునని నేను చెప్పుట లేదు. మన అవసరము ఎదుటివారికి ఆజ్ఞ కాదు. వారికిని అలసట యుండును, వారికిని మనసుండును. ఒక తలుపు తెరువకున్న మరియొకటి తట్టవలయును. స్నేహితుడు, చెల్లెలు, గుడి, పని, పాట, ఈ గ్రంథాలయము, ఇవన్నియు తలుపులే. ఏ తలుపును తెరువక, నిద్రాహారములు తప్పి, బ్రదుకే వలదను తలంపు కలిగినచో దానిని సిగ్గుగా దాచుకొనరాదు. జ్వరమునకు వైద్యుడున్నట్లు దీనికిని వైద్యులున్నారు. 2022లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ అను సేవకు 14416 అను అంకెతో ఫోను చేసినచో రుసుము లేకుండ మాటలాడుదురు. ఈ అంకెను గ్రంథాలయపు గోడమీద పెద్ద అక్షరములతో వ్రాయింపవలసినదిగా కార్యవర్గమును ప్రార్థించుచున్నాను.

ఇక గ్రంథాలయమునకును దీనికిని గల సంబంధము. గ్రంథాలయ శాస్త్రమునకు పంచసూత్రములను 1931లో ప్రకటించిన ఎస్. ఆర్. రంగనాథన్‌గారు, పాఠకు లందరును ఒకటి కాదనియు, ప్రతివానికిని తగిన పుస్తకము వేరుగా నున్నదనియు బోధించిరి. చక్కని గ్రంథాలయాధికారి పాఠకుడు అడిగిన పుస్తకమును మాత్రమే చూడడు. అతడు దేనికొఱకు అడుగుచున్నాడో చూచును. ఇంటిలోను, మనసులోను మనము చేయవలసిన పని ఇదియే. కథలు చదువుటవలన కలుగు మేలును ఇదియే. మనకు పేరు తెలియని భావమునకు కథలోని యొకరు పేరు పెట్టుదురు. "ఇది నాకొక్కనికే కాదు గదా" యని అప్పుడు ఊపిరి తిరుగును.

రానున్న 25 సంవత్సరములకు నాకు రెండు కోరికలున్నవి. పుస్తకములు చదువువారికేగాక, ఊరక కూర్చుండ వచ్చువారికి కూడ ఈ వరండాలో ఒక బల్ల వేయింపుడు. వారమునకొక సాయంకాలము స్త్రీల కొఱకే ఈ తలుపులు తెరచి యుంచుడు. తరిగొండ తల్లి పుట్టిన సీమలో ఏ స్త్రీయు తన మనసునకు చోటు వెదకికొని విగ్రహము వెనుక దాగవలసిన అవసరము ఉండరాదు.

మహాజనులారా, నేటి రాత్రి ఇండ్లకు పోయిన తరువాత మీలో ఎవరికైనను కోపము వచ్చినచో ఒక్క నిమిషమాగి, "నాకు నిజముగా కావలసినదేమి?" అని అడుగుకొనుడు. మీ యింటిలో ఎవరైనను దీపము సరిగా వెలుగుట లేదన్నచో, బల్బు తెచ్చుటకు ముందు, వారి ప్రక్కన కొంతసేపు కూర్చుండుడు.